విడిచిన బట్టలు, మా బాపు బిళ్లలు

మా ఇంట్లో పిల్లల బట్టలు మూడు రకాలు. ఉతికినవి, విడిచినవి, మాసినవి. ఉతికినవి సందూక పెట్టెలో ఉండేవి. మాసినవి పెరటి తలుపు పక్కన వెదురుబుట్టలో పడేవి. గొడవంతా ఆ నడిమి వాటితోనే. బడికి వేసుకుపోయి వచ్చాక విప్పిన గౌను, పేరంటానికని పక్క వరస ఇళ్ల దాకా పోయొచ్చి విడిచిన లంగా, తమ్ముడు ఒక్క పూట తొడుక్కుని చెమట పట్టిందని పీకి పారేసిన అంగి, ఇవి ఉతికిన వాటి లెక్కలోకి వస్తాయా, మాసిన వాటి లెక్కలోకి వస్తాయా? ఈ సంగతి తేలక మా ఇంట్లో జరిగినన్ని తగాదాలు పొలం గట్ల దగ్గర కూడా జరిగి ఉండవు.

నాన్నను మేం బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ అని, నాయనమ్మను బాపమ్మ అని. బాపమ్మ దృష్టిలో నడిమి రకం అనేదే లేదు. ఒంటి మీంచి దిగిన బట్ట మళ్లీ నీళ్లు చూసేదాకా సందూక ఉన్న గదిలో అడుగు పెట్టకూడదు. దండెం మీద ఉతికిన బట్ట పక్కన వేలాడటం అసలే కుదరదు. తగిలితే తగిలిందీ ఉతకాలి, తగిలించుకున్నదీ ఉతకాలి. తమ్ముడి లాగు ఒకటి తగిలిన పాపానికి సందూక సందూకంతా నీళ్లలోకి పోయిన రోజులున్నాయి.

ఈ శాస్త్రాన్ని ఆమె మా ఊరి నుంచి తెచ్చింది. ఊళ్లో ఉన్నన్నాళ్లు పొద్దున్నే చాకలామె గుమ్మం ముందుకు వచ్చి మూట తీసుకుపోయేది. పొద్దుగూకేలోపు మడతలు పెట్టి తెచ్చి, గిన్నెలో అన్నం కూర పెట్టించుకుని పోయేది. ఉతికే చేతులు ఇంకొకరివైతే శుభ్రం ఎంతైనా పాటించవచ్చు. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. బాపుకు బాయి మీద కొలువు దొరికి మేమంతా గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌కు వచ్చినప్పుడు చాకలామె మాతో రాలేదు. బాపమ్మ శాస్త్రం మాత్రం బండెక్కి వచ్చింది.

ఆ శాస్త్రం ప్రకారం ఉతకాల్సింది, మా వైపు మాటలో బట్టలు పిండాల్సింది, మా అవ్వ. మేం అయిదుగురు పిల్లలం. అందరికంటే పెద్దది అక్క, తర్వాత అన్న, తర్వాత నేను, నా కింద తమ్ముడు, వాడి కింద ఇంకా పక్క తడిపే పసివాడు. మా క్వార్టర్ల వరస మొత్తానికి ఒక్క పంపు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు నీళ్లొచ్చేవి. ఆ కాసేపట్లోనే తాగే నీళ్లు, వండే నీళ్లు, పిల్లల స్నానాలు, ఆపైన ఈ గుట్ట. బట్టల సోడాకు అవ్వ వేళ్ల సందులు పగిలి ఉండేవి. అన్నంలో పచ్చడి కలుపుకుంటుంటే మంటకు కళ్లలో నీళ్లు తిరిగేవి.

పోనీ ఉతికి ఆరేస్తే అయిపోయేదా? మేం దండెం మీద వేసే వేళకే కాలనీలో ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి అంటించేవాళ్లు. ఆ పొగ, లారీల వెంట లేచే బొగ్గు దుమ్ము, రెండూ తడి బట్టలు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ వచ్చేవి. తెల్ల అంగి ఆరేసరికి బూడిద రంగుకు తిరిగేది. బాపమ్మ తీరిగ్గా వచ్చి, వేలితో రాసి చూసి, దీన్ని మీ పుట్టింట్లో ఉతకడం అంటారా అని అవ్వను అడిగేది. అవ్వ ఆ అంగి తీసి మళ్లీ నీళ్లలో ముంచేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఇది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రెండో మనిషి ఎవరనేది కూడా అందరూ మనసులో ఖాయం చేసుకున్నారు. అక్క అప్పుడు ఏడో తరగతి చదువుతోంది. మా వరసలో ఆడపిల్ల అంతదాకా చదవడం అదే మొదలు. టీచరు కావాలని దానికి పట్టుదల. పసివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని వాడికి రాజధానులు చెప్పేది. చదువు ఆపించమని బాపమ్మ పొద్దునా సాయంత్రం చెవిలో పోరుతూనే ఉంది. బాపు అటూ కాని ఇటూ కాని మనిషి. చివరికి ఆయన ఒక తీర్పు చెప్పాడు. ఉతుకుడు పని అవ్వ ఒక్కతితో సర్దుకుంటే అక్క బడికి పోవచ్చు. సర్దుకోకపోతే ఏడో తరగతి నడుమనే మానేసి ఇంట్లో ఉండాలి.

ఆ తీర్పులో అన్న ఊసే లేదు. వాడు అయిదో తరగతిని రెండోసారి చదువుతున్నాడు. ఇంటి మొత్తంలో వాడి బట్టలే ఎక్కువ మాసేవి. అయినా వాడి చదువు ఆపాలని ఎవరికీ తోచలేదు, వాడి చేతికి ఒక సబ్బు ముక్క ఇవ్వాలని అంతకంటే తోచలేదు. మా మగపిల్లలు బురదలో పొర్లితే చురుకైన పిల్లలు. ఆ బురద వదిలించలేకపోతే అక్కది తప్పు. కాబట్టి మా అక్క చదువు ఆ వెదురుబుట్ట నిండటం మీద, నిండకపోవడం మీద ఆధారపడి ఉండేది. రోజూ బడి నుంచి రాగానే అది పుస్తకాల సంచి దించకముందే బుట్టలోకి తొంగి చూసేది.

బాపు గురించి కూడా చెప్పాలి. ఆయన బాయి లోపలికి దిగే మనిషి కాదు, పైన ల్యాంపు రూంలో డ్యూటీ. దిగేవాళ్లు టోపీకి తగిలించుకునే దీపాలను చార్జింగు పెట్టి షిఫ్టు షిఫ్టుకూ ఇచ్చే చోటు అది. దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఆ బిళ్లను గోడ మీది పలకకు, అతని నంబరు మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ల తీసుకుంటాడు. పలక మీద బిళ్ల ఉందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. మంచి పద్ధతే, కాదనను. దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

కానీ ఏళ్ల తరబడి ఆ పలక ముందు నిలబడి నిలబడి బాపుకు లోకమంతా పలకలాగే కనిపించసాగింది. ఎదురుగా నిలబడి బీడీ తాగుతున్న మనిషిని చూపించినా, పలక మీద బిళ్ల ఉంటే, వాడు లోపలే ఉన్నాడని వాదించే రకం. సంతలో కూరగాయలవాళ్లకు, దవాఖానలో మందు సీసాలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు, పెళ్లి పంక్తిలో వడ్డించేవాళ్లకు, అందరికీ బిళ్లలు పెట్టుకొమ్మని సలహా ఇచ్చేవాడు. ఎవరూ వినలేదు. వినక తప్పనివాళ్లు ఇంట్లో ఉన్నారు.

ఒక సెలవు రోజున ఆయన పాత పెట్టె చెక్క ఒకటి తెచ్చి, చిత్రిక పట్టించి, వరసగా మేకులు కొట్టాడు. కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి బిళ్లలు చేశాడు. ప్రతి బిళ్లకూ ఒక వైపు ఇటుక పొడితో తళతళలాడేదాకా తోమాడు, రెండో వైపు తారు పూశాడు. ముందు గది గోడకు పలక బిగించి మమ్మల్ని వరసగా నిలబెట్టి పద్ధతి వివరించాడు. ఒక్కొక్కరికి ఒక్కో మేకు, ఒక్కో బిళ్ల. బట్ట విడవగానే తెచ్చి పెద్దవాళ్లకు చూపించాలి. వాళ్లు ఇంకోసారి వేసుకోవచ్చంటే దాన్ని మేకుకు తగిలించి బిళ్లను మెరుపు వైపు తిప్పాలి. పనికిరాదంటే బట్టను బుట్టలో వేసి బిళ్లను నలుపు వైపు తిప్పాలి. నలుపు పడ్డవాళ్లు మరునాడు పంపు నుంచి నీళ్లు మోయాలి. పలక సందూక గదిలో లేదు కాబట్టి బాపమ్మ కూడా సరేనంది, తాను మాత్రం దాన్ని తాకనని షరతు పెట్టింది.

పసివాడికి కూడా ఒక మేకు పెట్టాడు. వాడి బిళ్ల పుట్టిన దగ్గర్నుంచీ నలుపే. బాపు రోజూ డ్యూటీ నుంచి రాగానే దాన్ని చూసి, లేత మొహం మీద కోపం చూపలేక, నిట్టూర్చి ఊరుకునేవాడు. వాడి వంతు నీళ్లు అక్క మోసేది. బాపు బట్టలకు మేకు లేదు. ల్యాంపు రూంలో బ్యాటరీల యాసిడ్ పడి ఆయన బనీన్లు, లుంగీలు జల్లెడలా అయ్యేవి. అవి ఏ పరీక్షా లేకుండా రోజూ నేరుగా బుట్టలోకి పోయేవి. పద్ధతి పెట్టినవాళ్లు పద్ధతి కిందికి రారని అప్పుడే నేర్చుకున్నాను.

కొత్తలో కొన్నాళ్లు బుద్ధిగానే నడిచింది. తర్వాత అన్న ఒక సంగతి కనిపెట్టాడు. వాడు జీవితంలో కనిపెట్టిన మొదటి సంగతి అదే అనుకుంటాను. బాపు ఇంటికి రాగానే పలక దగ్గరికి పోయి బిళ్లలు చూస్తాడు తప్ప, బిళ్ల కింద వేలాడే బట్టను చూడడు. ల్యాంపు రూం అలవాటు అది. అంతే, అన్న అంగి ఎంత మాసినా బిళ్ల మెరుస్తూనే ఉండేది. ఆ అంగి కొన్నాళ్లకు మేకు లేకపోయినా నిలబడగలిగే స్థితికి వచ్చింది. వాణ్ణి చూసి తమ్ముడు నేర్చుకున్నాడు. తమ్ముణ్ణి చూసి నేను నేర్చుకున్నాను.

మేం ముగ్గురమే దొంగలమనుకున్నాను. ఒక సాయంత్రం అన్న బంతాట ఆడి వచ్చి విడిచిన లాగును అవ్వ చేతిలోకి తీసుకోవడం చూశాను. ఒక వైపంతా బురద. బుట్ట దగ్గరికి పోయింది. బుట్ట అప్పటికే నిండుగా ఉంది. గడప దగ్గర వెలుతురులో కూర్చుని లెక్కలు చేసుకుంటున్న అక్క వైపు ఒకసారి చూసింది. తిరిగొచ్చి లాగును మేకుకు తగిలించి, బురద గోడ వైపు ఉండేటట్టు సర్ది, బిళ్లను మెరుపు వైపు తిప్పింది. నేను చూశానని ఆమెకు తెలుసు.

ఆ విధంగా మా ఇంట్లో ఉతుకుడు సగానికి సగం తగ్గిపోయింది. ఉతకడం తగ్గిందంటే మాపు తగ్గిందని బాపు లెక్క. పిల్లలకు క్రమశిక్షణ అబ్బిందని మురిసిపోయాడు. మా ముగ్గురి దగ్గరా కూర్చుంటే ముక్కు ఉన్నవాళ్లెవరికైనా నిజం తెలిసేది. అబ్బాయిల బడిలో ఎవరూ పట్టించుకోలేదు, మగపిల్లల మాపు పంతుళ్ల కళ్లకు ఆనదు. ఆడపిల్లల బడిలో అలా కాదు. నేనూ అక్కా ఒకే బడి. చిన్న తరగతులను చూసీచూడనట్టు వదిలేసేవాళ్లు గాని, పెద్ద తరగతుల్లో మాసిన బట్టలతో వచ్చిన పిల్లను పెద్ద టీచరమ్మ లోపలికి రానిచ్చేది కాదు, వరండాలో నిలబెట్టేది. అందుకే అక్క తన నీలం లంగా, తెల్ల జాకెటు తానే సాయంత్రాలు ఉతుక్కునేది. పలక మీద నిజం చెప్పిన బిళ్లలు ఇంట్లో రెండే, ఒకటి అక్కది, ఇంకోటి పసివాడిది.

బాపు ఊరుకుని ఉంటే ఏడాది అలాగే గడిచిపోయేది. ఊరుకునే మనిషైతే పలకే కొట్టేవాడు కాదు. ల్యాంపు రూంలో పలక గొప్పలు చెప్పి చెప్పి, చివరకు అక్కడ తన పైఅధికారి పెద్దబాబును, ఆయన భార్యను చాయ్‌కి పిలిచాడు. అవ్వకు ముందుగా చెప్పలేదు. పలక మీది బట్టలు మార్చడానికి వ్యవధి లేదు, మార్చడానికి ఉతికినవీ లేవు. వచ్చినవాళ్లు చాయ్ తాగుతుండగా బాపు లేచి, బాయి గురించి అధికారులకు వివరించేటప్పటి గొంతుతో మొదలుపెట్టాడు. ఇదిగో మేకు, ఇదిగో బిళ్ల. బిళ్ల మెరుస్తుంది కాబట్టి ఈ అంగి శుభ్రంగా ఉన్నట్టు. చూడనక్కరలేదు, కావాలంటే చూడండి అని తమ్ముడి అంగి తీసి పెద్దబాబు చేతిలో పెట్టాడు.

తమ్ముడికి బెల్లం ముక్కలు జేబులో దాచుకునే అలవాటు. బెల్లం కరిగి జేబుకు అతుక్కుని ఎన్నాళ్లయిందో, ఎర్ర చీమలు అందులో సంసారాలు పెట్టుకున్నాయి. అవి పెద్దబాబు మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి ఎక్కాయి. ఆయన లేచి గంతులు వేశాడు. కప్పు పగిలింది. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటూ వాకిట్లోకి పోయింది. పోయేముందు పెద్దబాబు, పద్ధతి బాగుంది గాని చీమలకు కూడా తలా ఒక బిళ్ల ఇవ్వాల్సింది అన్నాడు.

బాపు పలక మీది బట్టలన్నీ ఒక్కొక్కటే తీసి వాసన చూశాడు. మొదటిసారి చూశాడు. మమ్మల్ని కొడతాడనుకున్నాం, కొట్టలేదు. అరుగు మీద ఒక బీడీ కాల్చి లోపలికి వచ్చి తేల్చేశాడు.

"పద్ధతిల తప్పులేదు. పలక కాడ కూసుండే మనిషి లేడు. ల్యాంపు రూంల నేను లేకుంటే బిళ్లలు వాటంతటవే మేకులెక్కుతయా? ఇంట్ల గూడ ఒక మనిషి ఉండాలె. రేపటి సంది పెద్దపిల్ల బడికి పోవద్దు, ఇంట్ల ఉండి బట్టలు పిండాలె."

బిళ్లలు తిప్పిన చేతులు నాలుగు జతలు అక్కడే ఉన్నాయి. తిప్పని చేతులకు శిక్ష పడింది. అన్న గోడ వైపు చూస్తున్నాడు. ఇన్నాళ్లకు ఇంట్లో ఒక తెలివైన మాట వినిపించిందని బాపమ్మ అంది. అక్క అందరి ముందూ ఏడవలేదు. పసివాణ్ణి ఎత్తుకుని పెరట్లోకి పోయింది.

మరునాడు బాపు పొద్దున్నే మొదటి షిఫ్టుకు పోయాడు. సందూకలో అక్క ఉతికిన జత మడతపెట్టి ఉంది. అది దాన్ని ముట్టుకోలేదు. బుట్ట దగ్గర కూర్చుని అడుగు దాకా వెతికి, అంతకుముందు పసివాడి పక్కలో వేసిన పాత లంగా, మసిగుడ్డ కింద వాడుతున్న జాకెటు తీసి తొడుక్కుంది. అవ్వ చూసింది. దగ్గరికి పిలిచి కూర్చోబెట్టి, నూనె రాసి, రెండు జడలు బిగించి వేసి, రిబ్బన్లు కట్టింది. తల చూస్తే పెళ్లికి పోయే పిల్ల, మెడ కింద చూస్తే బొగ్గు కుప్పలోంచి లేచొచ్చిన పిల్ల. ఆ వేషంతో అక్క తల ఎత్తుకుని మా వరస మొత్తం దాటి నడిచింది. నేను సిగ్గుతో కాస్త వెనక నడిచాను.

బడి గేటు దగ్గరే పెద్ద టీచరమ్మ ఆపింది. నువ్వా, నీకేమైంది అని అడిగింది.

"మా ఇంట్ల బట్టలు పిండేది నేనే టీచర్. పిండితే బడి లేదు, బడికొస్తే గిట్లనే వస్త" అంది అక్క.

పెద్ద టీచరమ్మ కరిగిపోయి దాన్ని దగ్గరకు తీసుకుందని రాస్తే బాగుండేది. ఆమె కూడా మా బాపు లాంటి మనిషే, పద్ధతి అంటే పద్ధతే. వరండాలో నిలబడమంది. కాకపోతే ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పలేదు. అక్క నల్లబల్ల బాగా కనిపించే కిటికీ చూసుకుని, నోటుబుక్కు దాని అంచు మీద పెట్టుకుని, నిలబడే పాఠం రాసుకుంది. ఎండ వరండాలోకి వచ్చాక పక్కకు జరిగింది, కిటికీ మాత్రం వదల్లేదు.

సాయంత్రం బాపు ఎగిరిపడ్డాడు. రేపు గడప దాటితే కాళ్లు విరగ్గొడతానన్నాడు. మరునాడు ఆయన డ్యూటీకి పోయాక అక్క మళ్లీ బుట్టలోంచి ఇంకో జత తీసుకుంది. ఆ మరునాడూ అంతే. ఈలోపు అవ్వ ఇంకో పని చేసింది. పసివాడి గుడ్డలు తప్ప ఏమీ ఉతకడం మానేసింది. ఎవరితోనూ పోట్లాడలేదు, వంట వండింది, వడ్డించింది, మధ్యాహ్నం కాసేపు పడుకుంది కూడా. ఆమె పగలు పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. బుట్ట నిండి, పక్కన గుట్ట లేచింది. బాపమ్మ ఆ గుట్టను చూసి ముక్కు మూసుకుని ముందు గదిలోకి పోతే అక్కడ పలక, పలకను చూసి సందూక గదిలోకి పోతే అక్కడ ఖాళీ సందూక. ఒంటి మీంచి దిగినదాన్ని మళ్లీ వేసుకోకూడదనే శాస్త్రం ఆ వారంలోనే ఆమె సడలించుకుంది. తన చీరను చాటుగా ఆరేసుకుని మళ్లీ కట్టుకోవడం నేను చూశాను.

బడి ఉన్నది బాయికి పోయే దారి మీదే. రెండో షిఫ్టువాళ్లు మధ్యాహ్నం అటునుంచే నడిచి వచ్చి ల్యాంపు రూం కిటికీ ముందు వరసలో నిలబడతారు. దీపం తీసుకునే ప్రతి మనిషీ బిళ్లతో పాటు ఒక మాట కూడా బాపు చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో సబ్బు దొరకడం లేదా అని ఒకడు, దీపాలు నువ్వే తుడుస్తావా, వాటికీ బడి మాన్పించిన పిల్ల ఉందా అని ఇంకొకడు. ఇవన్నీ ఆయన దులపరించుకోగలిగాడు. తనకంటే పెద్దవాడు, పని నేర్పినవాడు ఒకాయన ఉన్నాడు. ఆయన ఎగతాళి చెయ్యలేదు. బిళ్ల ఇచ్చి, దీపం అందుకుని, మెల్లిగా అడిగాడట.

"తమ్మీ, నీ బిడ్డ ఎండల బయట నిలబడి రాసుకుంటున్నది. నీ పలక మీద ఆమె బిళ్ల ఏ దిక్కున్నది?"

ఈ మాట చాలా ఏళ్ల తర్వాత ఆ పెద్దాయనే మాకు చెప్పాడు. బాపు నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. ఆ రోజు మాత్రం ఆయన ఇంటికి వచ్చి, చాయ్ వద్దని, చెప్పులు కూడా విడవకుండా అవ్వ ముందు నిలబడ్డాడు. రేపు పిల్లకు సందూకలోంచి మంచి జత తీసి ఇవ్వమన్నాడు. బడి సంగతి ఎత్తలేదు. పరువు పోతోందన్నాడు. సందూకలో మిగిలిన ఆ ఒక్క జతను అవ్వ అంతకుముందే, ఉతికినదాన్ని ఉతికినట్టే, తీసుకుపోయి బుట్టలో మాసిన వాటి నడుమ కలిపేసింది.

"పిండినయి లేవు" అంది అవ్వ, కూర కలుపుతూ. "పిండే పిల్ల బడికి పోతున్నది."

బాపు ఆమె వైపు చూశాడు. కొట్టడానికి చెయ్యెత్తినా ఎత్తి ఉండేవాడే, ఆ రోజుల్లో అది పెద్ద విశేషం కాదు. ఆయన బుట్ట వైపు చూశాడు, పలక వైపు చూశాడు, పలక మీద పసివాడిది తప్ప బిళ్లలన్నీ మెరుస్తున్నాయి. అన్నం తినకుండానే పడుకున్నాడు.

తెల్లారితే ఆయనకు షిఫ్టు మారింది, పొద్దున ఇంట్లోనే ఉన్నాడు. పంపు వచ్చిన చప్పుడు వినిపించగానే లేచి, బుట్టలోంచి అక్క నీలం లంగా, తెల్ల జాకెటు వెతికి తీసి, సబ్బు పట్టుకుని బయటికి నడిచాడు. పంపు దగ్గర ఆడవాళ్ల వరస. మగవాళ్లు అక్కడికి రావడం ఒంటి మీద నీళ్లు పోసుకోవడానికే. కూతురి లంగా పట్టుకుని వచ్చిన మగవాణ్ణి ఆ పంపు ఎప్పుడూ చూడలేదు. ఎవరూ నవ్వలేదు. వరసలో ముందున్నామె తన బకిట్ జరిపి చోటిచ్చింది.

ఆయనకు ఉతకడం బొత్తిగా రాదు. సబ్బంతా ఒకే చోట రుద్దాడు. బండకేసి బాదితే జాకెటు గుండీలు రెండు ఎగిరిపోయాయి. మాపున్న అంచును వదిలేసి శుభ్రంగా ఉన్న నడుమును బాదాడు. పక్కన కూర్చున్న ఆడవాళ్లకు చేతులు దురదపెట్టి ఉంటాయి, ఎవరూ అందుకోలేదు. బాపమ్మ ఇంట్లోంచి తొంగి చూసి, తలుపు వేసుకుని లోపలికి పోయింది. తడి ఒత్తడం కూడా చేతకాక, నీళ్లు కారుతున్న ఆ రెంటినీ ఆయన అలాగే మోసుకొచ్చి అక్క ముందు పెట్టి, "ఇగ పో బిడ్డా, లోపల కూసో" అన్నాడు. బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

ఆరేదాకా ఆగితే బడికి ఆలస్యం అవుతుంది. అక్క ఆగలేదు. అవ్వ పిన్నీసులు పెట్టింది. తడి బట్టలతోనే నడిచింది, దారంతా వెనక నీటి చుక్కలు పడ్డాయి. గేటు దగ్గర పెద్ద టీచరమ్మ పైనుంచి కింద దాకా చూసింది. అంచు మీద నల్ల చార అలాగే ఉంది. మాసిన బట్టలకు పద్ధతి ఉంది గాని తడి బట్టలకు లేదు. పక్కకు తప్పుకుని దారిచ్చింది. నా తరగతి కిటికీలోంచి చూస్తే వరండాలో అక్క నిలబడే చోటు ఖాళీగా ఉంది. నాకు ఏడుపు ఆగలేదు, కడుపు నొప్పి అని టీచరుకు అబద్ధం చెప్పాను.

అక్క ఆ ఏడు పాసైంది, ఆ తర్వాతి ఏళ్లూ పాసైంది, కోరుకున్నట్టే టీచరైంది. బాపు ఉతికిన మరునాడే అవ్వ సబ్బు ముక్క అన్న చేతిలో పెట్టింది. బాపే ఉతకగా లేనిది నీకేమిటని అడిగితే వాడు పంపు దారి పట్టాడు.

ఇక బాపు. బిడ్డ టీచరమ్మ ఎట్లయిందని ఎవరు అడిగినా ఆయన పలక కథ చెప్పేవాడు. మేకులు ఎట్లా కొట్టిందీ, రేకు ఎట్లా కత్తిరించిందీ, పిల్లలకు చిన్నప్పుడే క్రమం ఎట్లా నేర్పిందీ. చీమలు ఉండేవి కావు, వరండా ఉండేది కాదు, పంపు అసలే ఉండేది కాదు. ఎప్పుడైనా నేను పంపు సంగతి గుర్తు చేస్తే మొహం ఎర్రబడేది. మగవాడు ఆడపిల్ల లంగా ఉతికాడని నలుగురిలో చెప్పుకుంటారా అని కసిరేవాడు. పాడైపోయిన పనిని జీవితాంతం చాటుకుని, చేసిన ఒక్క మంచి పనిని దాచుకుని వెళ్లిపోయాడు. దాచుకున్నందుకు నాకు ఇప్పటికీ కోపమే. అందుకే రాస్తున్నాను. మా బాపు నలుగురూ చూస్తుండగా పంపు దగ్గర కూర్చుని మా అక్క లంగా ఉతికాడు. సరిగ్గా ఉతకలేదు.